మన ఎరువు కుప్పకు నిప్పు పెట్టిందెవరు?



డిసెంబరు రెండో వారంలో ఒక తెల్లవారుజామున జరిగిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇంకా ఐదు కాలేదు. మంచు దట్టంగా పట్టి ఉంది. కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్న ఆరో తరగతి పిల్లలు ఒక్కసారిగా "నిప్పు! నిప్పు!" అని అరిచారు. చూస్తే వంటశాల వెనకాల ఎరువు కుప్ప మీంచి తెల్లగా పొగ లేస్తోంది. బక్కెట్లు పట్టుకుని పరుగెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకడైతే కుప్పలో దెయ్యం దూరిందని దుప్పటి ముసుగు తీయనే లేదు. వాడి పేరు రాయను, వాడికీ నాకూ మాట ఉంది.

వాచ్‌మన్ తాత మమ్మల్ని ఆపాడు. "అది పొగ కాదర్రా, ఆవిరి. నీళ్ళు పొయ్యకండి" అన్నాడు. గునపం తెచ్చి కుప్ప మధ్యకి దించి, కాసేపు ఉంచి పైకి లాగాడు. దాని కొసను పట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అంత వేడి!

మన పాడేరు ఏజెన్సీ చలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. లంబసింగిలో కొన్ని ఏళ్ళు సున్నా డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. బయట వేళ్ళు కొంకర్లు పోతుంటే కుప్ప లోపల స్నానానికి కాచిన నీళ్ళకంటే ఎక్కువ వేడి. కట్టె లేదు, బొగ్గు లేదు, అగ్గిపుల్ల లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? సైన్సు మాస్టారిని అడిగి, లైబ్రరీ పుస్తకాలు చూసి, కుప్ప పక్కన నిలబడి తెలుసుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నాను. మధ్యలో మా బ్యాచ్ చేసిన ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. అది దాని చోట చెబుతాను.

వేడి ఎక్కడిది?

మనం అన్నం తింటాం, గాలి పీలుస్తాం. అన్నంలో ఉన్న శక్తి ప్రాణవాయువుతో కలిసి ఒంట్లో మెల్లగా ఖర్చవుతుంది. కొంత శక్తి పనికి పోతుంది, మిగిలింది వేడిగా బయటికొస్తుంది. అందుకే బతికున్న మనిషి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది.

ఎరువు కుప్పలో ఉన్న సూక్ష్మజీవులు కూడా తింటాయి, గాలి పీలుస్తాయి. ఒక్కొక్క దాని నుంచి వచ్చే వేడి లెక్కలోకి రాదు. కాని పిడికెడు ఎరువులో ఉండే సూక్ష్మజీవుల సంఖ్య భూమ్మీద ఉన్న మనుషుల సంఖ్యను మించిపోతుంది. అన్నీ కలిసి తింటుంటే అన్నిటి వేడీ కలుస్తుంది. మన హాలులో కిటికీలు మూసి అందరం పడుకుంటే తెల్లారేసరికి గది వెచ్చగా ఉండదూ! ఇదీ అంతే. పైన ఉన్న ఆకులూ గడ్డీ బొంతలాగా లోపలి వేడిని బయటికి పోనివ్వవు. తడిగా ఉన్న గడ్డి వామి వేస్తే లోపల వేడెక్కుతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు.

ఇందుకే కుప్ప మరీ చిన్నదైతే పని జరగదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కనీసం 3 అడుగులు ఉండాలి. అంతకన్నా చిన్న కుప్ప ఒక్కడే పడుకున్న గది లాంటిది. ఎంత వేడి పుడితే అంతా గాలికి పోతుంది.

ఎవరీ పనివాళ్ళు?

ముఖ్యంగా మూడు రకాల వాళ్ళు.

మొదటి వాళ్ళు బాక్టీరియా. అందరికంటే చిన్నవాళ్ళు, అందరికంటే ఎక్కువమంది. తొందరగా తింటారు, తొందరగా పెరుగుతారు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, ఇలా.

రెండో వాళ్ళు శిలీంధ్రాలు. అంటే బూజు, పుట్టగొడుగుల జాతి. సన్నని దారాల్లా పాకి, బాక్టీరియా చొరలేని గట్టి పుల్లల్లోకి, ఆకు ఈనెల్లోకి చొచ్చుకుపోతాయి.

మూడో వాళ్ళు ఆక్టినోమైసిటీస్. పేరు పలకడానికి కష్టంగా ఉంది కదూ! ఇవి నిజానికి బాక్టీరియా జాతివే. చూడడానికి మాత్రం బూజులా దారాలు దారాలుగా ఉంటాయి. కుప్ప తిరగేసినప్పుడు లోపల బూడిద చల్లినట్టు తెల్లగా కనబడేది ఎక్కువగా వీళ్ళే. అది చూసి "కుప్ప పాడైపోయింది" అని ఏడో తరగతి వాళ్ళు గోల చేశారు. పాడవలేదు. పని జరుగుతోందని గుర్తు.

వీళ్ళెవరికీ నోరు లేదు, పళ్ళు లేవు. మరి ఎలా తింటారు? ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. రేపు మధ్యాహ్నం ఒక ముద్ద వట్టి అన్నం నోట్లో పెట్టుకుని మింగకుండా చాలాసేపు నమలండి. తియ్యగా అవుతుంది. మన లాలాజలంలో ఉన్న ఎంజైము అన్నంలోని పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. సూక్ష్మజీవులు కూడా ఎంజైములనే వాడతాయి. కాకపోతే వాటిని తమ ఒంట్లోంచి బయటికి వదులుతాయి. ఆకు బయటే కరిగి రసమవుతుంది. ఆ రసాన్ని పీల్చుకుంటాయి. రసం కావాలంటే తడి ఉండాలి. ఎండిపోయిన కుప్పలో ఎంత తిండి ఉన్నా వీళ్ళకు పస్తే.

ఒకరి తరవాత ఒకరు

అసలు సంగతి ఇక్కడుంది. నేను ముందు ఏమనుకున్నానంటే, ఒకే రకం పురుగు లాంటిది ఏదో మొదటి నుంచి చివరి దాకా చెత్తంతా తినేస్తుందని. అది తప్పు. ఒక్కళ్ళ వల్ల కాదు. బ్యాచ్ తరవాత బ్యాచ్ వస్తుంది.

మొదటి బ్యాచ్ మామూలు వెచ్చదనంలో బతికేవాళ్ళు. కుప్ప వేసిన మొదటి రోజుల్లో వీళ్ళదే రాజ్యం. మెత్తగా సులువుగా దొరికే వాటిని ముందు పట్టుకుంటారు. పళ్ళ తొక్కల్లో చక్కెర, మిగిలిపోయిన అన్నంలో పిండి. తింటూ కొన్ని ఆమ్లాలు వదులుతారు, అందుకే మొదట్లో కుప్ప కొంచెం పుల్లటి వాసన వేస్తుంది. వీళ్ళ తిండి వేడికి కుప్ప 40, 45 డిగ్రీలకు చేరుతుంది. అంతే, ఆ వేడికి వాళ్ళే తట్టుకోలేరు. చాలామంది చచ్చిపోతారు, కొందరు నిద్రావస్థలోకి వెళ్ళిపోతారు.

అప్పుడు రెండో బ్యాచ్ లేస్తుంది. వీళ్ళకు వేడి అంటే ఇష్టం. 45 నుంచి 65 డిగ్రీల మధ్య హాయిగా బతుకుతారు. వీళ్ళు ఎక్కడి నుంచి వచ్చారని మాస్టారిని అడిగాను. "ఎక్కడి నుంచీ రాలేదు, మొదటి నుంచీ అక్కడే ఉన్నారు" అన్నారు. మట్టిలో, పేడలో, ఆకుల మీద గట్టి పెంకు కట్టుకున్న సిద్ధబీజాలుగా నిద్రపోతూ ఉంటారు. వేడి తగలగానే మేలుకుంటారు. అంటే మొదటి బ్యాచ్ తన చావు తనే తెచ్చుకుని రెండో బ్యాచ్‌కి పొయ్యి వెలిగించి పోతుంది. కుప్పకు నిప్పు పెట్టిందెవరో ఇప్పుడు తెలిసింది కదా!

ఈ రెండో బ్యాచ్ మాంసకృత్తులను, కొవ్వులను, ఆకుల్లోనూ గడ్డిలోనూ ఉండే సెల్యులోజ్‌ను కరిగిస్తుంది. మాంసకృత్తులు విరిగేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. కుప్ప దగ్గర ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. మేము ల్యాబులో థర్మామీటరు అడిగి తెచ్చి, వెదురు గొట్టంలో దారంతో దించి చూస్తే 58 డిగ్రీలుంది.

ఈ వేడి వల్ల మనకు పెద్ద మేలుంది. 55 డిగ్రీల పైన వరసగా 3 రోజులు ఉంటే రోగాలు తెచ్చే క్రిముల్లో చాలా భాగం చనిపోతాయి. కలుపు గింజలు కూడా చాలావరకు మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి. కాని ఈ వేడి కుప్ప మధ్యలోనే ఉంటుంది, అంచుల్లో ఉండదు. అందుకే కుప్ప తిరగెయ్యాలి. బయటిది లోపలికి, లోపలిది బయటికి. మరీ 70 డిగ్రీలు దాటితే మాత్రం వేడి ఇష్టమైన వాళ్ళలో కూడా చాలామంది చస్తారు, పని ఆగిపోతుంది. అప్పుడు కూడా మందు తిరగెయ్యడమే.

సులువైన తిండి అయిపోయాక కుప్ప చల్లబడుతుంది. అప్పుడు మూడో బ్యాచ్. శిలీంధ్రాలు, ఆక్టినోమైసిటీస్ మళ్ళీ కుప్పంతా పరుచుకుంటాయి. మిగిలింది మొండి సరుకు. అడ్డాకు విస్తళ్ళ ఈనెలు, కూరగాయల కాడలు, పుల్లలు. వీటిలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. చెట్టును నిలబెట్టేది అదే. దాన్ని విడగొట్టే నేర్పు ముఖ్యంగా కొన్ని శిలీంధ్రాలకే ఉంది. అదీ నెమ్మదిగా.

చివరిది మాగే దశ. వానపాములు, రోకలిబండలు, చిన్న చిన్న పురుగులు వచ్చి చేరతాయి. ఇంకో రకం బాక్టీరియా మిగిలిన అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. మొక్క వేళ్ళు సులువుగా పీల్చుకునేది ఈ నైట్రేటునే. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు ఈ బాక్టీరియా పని చెయ్యలేవు. అందుకని తొందరపడి సగం మాగిన ఎరువు మొక్కలకు వేస్తే లాభం లేకపోగా నష్టం. మట్టిలో ఉన్న నత్రజనిని కూడా ఆ సూక్ష్మజీవులే లాక్కుంటాయి, మొక్క పసుపు పచ్చగా అయిపోతుంది.

చూశారా! ఏ ఒక్క బ్యాచూ మొత్తం పని చెయ్యలేదు. ఒకరు వదిలేసింది ఇంకొకరికి తిండి. ఒకరి పని అయ్యేటప్పటికి ఇంకొకరికి చోటు తయారవుతుంది. మనం చెయ్యగలిగింది తిండి, నీళ్ళు, గాలి సరిగ్గా అందించడం. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

మాగిన ఎరువు వాసన చూడండి. తొలకరి వాన పడ్డప్పుడు మట్టి వాసన గుర్తొస్తుంది. ఎందుకంటే రెండిటిలోనూ జియోస్మిన్ అనే ఒకే పదార్థం ఉంటుంది. దాన్ని తయారు చేసే వాళ్ళలో ముఖ్యులు మన ఆక్టినోమైసిటీసే.

ఈ జాతి చేసిన ఇంకో ఉపకారం ఉంది. మన ఊళ్ళలో టీబీ అంటే ఎంత భయమో మీకు తెలుసు. టీబీని లొంగదీసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్. దాన్ని 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి ఈ జాతి సూక్ష్మజీవి నుంచే తీశాడు. ఎరువు కుప్పల్లోని సూక్ష్మజీవుల మీద కూడా పరిశోధన చేసిన వాక్స్‌మన్‌కు 1952లో నోబెల్ బహుమతి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ కంపెనీ పరిశోధనలకు అధిపతిగా ఉన్న రోజుల్లో అక్కడ వచ్చిన ఆరియోమైసిన్ మందు కూడా మట్టిలోని ఇలాంటి సూక్ష్మజీవిదే. పెంటకుప్ప అని ముక్కు మూసుకునే ముందు ఇది ఒకసారి తలుచుకోండి.

ఇక మా తప్పు

ఆగస్టులో మన పాత గొయ్యి ఎంత కంపు కొట్టిందో ఎవరూ మరిచిపోలేదు. భోజనాల దగ్గర ఈగలు, తరగతి గదిలో కంపు. సూక్ష్మజీవుల మీద అందరికీ కోపం వచ్చింది. కాని తప్పు వాటిది కాదు, మాది.

ఆ నెల వంటశాల డ్యూటీ మా తొమ్మిదో తరగతిది. గంజి, మిగిలిన చారు, గిన్నెలు కడిగిన నీళ్ళు డ్రమ్ములో పట్టి ఆ చివరనున్న ఇంకుడు గుంటలో పొయ్యాలి. వాన పడుతోందని, డ్రమ్ము బరువని, దగ్గరలో ఉన్న ఎరువు గొయ్యిలోనే పోసేశాం. ఒక రోజు కాదు, చాలా రోజులు. ఎవరూ చూడలేదనుకున్నాం. గొయ్యి చూసింది!

ఏం జరిగిందంటే, చెత్తలో గాలి ఉండే సందులన్నీ నీళ్ళతో నిండిపోయాయి. గాలి పీల్చే మంచి పనివాళ్ళకు ఊపిరి ఆడలేదు. అప్పుడు గాలి అక్కర్లేని ఇంకో రకం బాక్టీరియా పెత్తనం తీసుకున్నాయి. ఇవి కూడా కుళ్ళబెడతాయి, కాని నెమ్మదిగా, వేడి లేకుండా. తిండిని పూర్తిగా ఖర్చు చెయ్యలేవు కాబట్టి సగం సగం విరిగిన పదార్థాలు మిగులుతాయి. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, ముక్కు పగిలే ఆమ్లాలు, మండే మీథేన్ వాయువు, ఇవన్నీ వాటి సరుకే. వేడి లేదు కాబట్టి రోగకారక క్రిములూ చావవు, ఈగల పిల్లలూ చావవు.

అంతటితో పోలేదు. గొయ్యి నిండి నల్లటి నీరు వాలు వెంట దిగి గెడ్డలో కలిసింది. ఒక రోజు కింది ఊరి నుంచి ఒక ముసలమ్మ వచ్చి వార్డెన్ సారు గది ముందు నిలబడింది. "బాబూ, మీ గోతి నీరు మా గెడ్డలోకి దిగుతున్నాది. మా పిల్లలు ఆ నీళ్ళే తాగుతారు. ఆళ్ళకి ఏటైనా అయితే ఎవులు చూస్తారు బాబూ?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మా ఊరు కూడా గెడ్డ నీళ్ళే తాగుతుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వార్డెన్ సారు గొయ్యి పూడ్చేసి చెత్త కంచె అవతల పారెయ్యమన్నారు. ఆయన కోపంలో న్యాయముంది. సైన్సు మాస్టారు మాత్రం "కంచె అవతల కూడా అదే వాలు సార్, అదే గెడ్డ. ఒక్క అవకాశం ఇవ్వండి" అని అడిగారు. సారు ఆలోచించి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే, ఇంకోసారి వాసన వస్తే కుప్ప ఉండదు. అప్పుడు మేము నలుగురం లేచి గంజి పోసింది మేమేనని చెప్పేశాం. కుప్ప పని మాకే అప్పజెప్పారు. దాన్ని శిక్ష అనుకున్నాం. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఎలా బాగు చేశాం?

పాత గొయ్యిని ఎండు ఆకులు కలుపుతూ ఖాళీ చేసి పూడ్చేశాం. వానలు తగ్గాక నవంబరు చివర్లో గెడ్డకు దూరంగా, నీరు నిలవని ఎత్తు మీద కుప్ప వేశాం. గోతిలో కాదు, నేల మీదే. పద్ధతి మాస్టారు చెప్పారు. దానికి ఒక చరిత్ర ఉంది.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి వచ్చి 1924 నుంచి 1931 వరకు ఇండోరులో వ్యవసాయ పరిశోధన సంస్థ నడిపారు. మన దేశపు రైతుల దగ్గర తాను నేర్చుకున్నది చాలా ఉందని ఆయనే రాసుకున్నారు. చైనా రైతులు చెత్తను ఎరువుగా మార్చే తీరు నుంచి కూడా నేర్చుకున్నారు. యశ్వంత్ వాడ్ అనే భారతీయ శాస్త్రవేత్తతో కలిసి 1931లో పుస్తకం అచ్చు వేశారు. అదే ఇండోరు పద్ధతి. గడ్డీ, ఆకులూ, పేడా పొరలుగా వేసి, గాలి ఆడేలా కొన్నిసార్లు తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. తరవాత 1939లో సి.ఎన్. ఆచార్యగారు బెంగళూరు పద్ధతి చెప్పారు. అందులో గొయ్యిని మట్టితో మెత్తేస్తారు, తిరగేసే పని ఉండదు, కాని ఎక్కువ నెలలు పడుతుంది. మనకు కంపు లేకపోవడం ముఖ్యం, తిరగెయ్యడానికి చేతులకు కొదవ లేదు. అందుకే ఇండోరు పద్ధతి ఎంచుకున్నాం.

అడుగున కంది కట్టె, పుల్లలు అడ్డదిడ్డంగా పరిచాం, కింది నుంచి గాలి ఆడడానికి. దాని మీద జానెడు ఎండుటాకులు, గడ్డి. దాని మీద నాలుగు వేళ్ళ మందం కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం. పైన పేడ నీళ్ళు చిలకరించి, గుప్పెడు మట్టి చల్లాం. మళ్ళీ ఎండుటాకులు. ఇలా 4 అడుగుల ఎత్తు దాకా. అడ్డాకు విస్తళ్ళను చింపి వేశాం. ముక్క చిన్నదైతే సూక్ష్మజీవులు పట్టుకోవడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. మా ఊరి నుంచి ఒక తట్టెడు పాత గత్తం తెచ్చి అక్కడక్కడ కలిపాం. పెరుగుకు తోడు వేసినట్టన్నమాట. పైన గడ్డి కప్పు వేశాం.

ఎండుదీ పచ్చిదీ ఎందుకు కలపాలి? దీన్ని అన్నం, పప్పు అనుకోండి. ఎండుటాకులు, గడ్డి వీటిలో కర్బనం ఎక్కువ. అది శక్తినిచ్చే అన్నం లాంటిది. పేడ, కూరగాయల చెత్త వీటిలో నత్రజని ఎక్కువ. అది ఒళ్ళు పెరగడానికి కావలసిన పప్పు లాంటిది. సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్ళు ఉండాలి. వరిగడ్డిలో కర్బనం 60 పాళ్ళ పైనే ఉంటుంది, పేడలో 20 పాళ్ళకు అటూ ఇటూ. వట్టి గడ్డే వేస్తే పని నత్తనడక నడుస్తుంది. వట్టి కూర చెత్తే వేస్తే మిగిలిన నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. అంటే ఘాటు వాసన వచ్చిందంటే ఎరువులోని బలం ఎగిరిపోతోందని అర్థం. గుప్పెడు ఎండుటాకులు కలపండి.

తడి ఎంతుండాలి? నూటికి 50 నుంచి 60 పాళ్ళు. దీనికి త్రాసు అక్కర్లేదు. లోపలి ఎరువు గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువ, ఎండుటాకులు కలిపి తిరగెయ్యాలి. ఉండ కట్టకుండా రాలిపోతే నీళ్ళు చిలకరించాలి.

పది రోజులకొకసారి తిరగేశాం. ఆవిరి కనబడిన రోజుకు రెండు రోజుల ముందే మొదటిసారి తిరగేశాం. గాలి అందేసరికి వేడిగాళ్ళు మళ్ళీ విజృంభించారు. తరవాత తిరగేసినప్పుడల్లా వేడి కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో మేము ఇళ్ళకు పోతే వాచ్‌మన్ తాత ఒక్కడే తిరగేశాడు. ఆయనకు మా బ్యాచ్ తరఫున దండాలు.

ఇప్పుడు కుప్ప మొదటి ఎత్తులో సగం కూడా లేదు. కర్బనంలో చాలా భాగం కార్బన్ డై ఆక్సైడ్‌గా, నీరు ఆవిరిగా గాలిలో కలిసిపోయాయి. మిగిలింది నల్లగా, పొడిపొడిగా ఉంది. కంపు లేదు. నమ్మకపోతే వచ్చి వాసన చూడండి.

అందరికీ మనవి

ఒకటి. గంజి, చారు, కడిగిన నీళ్ళు ఇంకుడు గుంటలోనే. వాన పడినా సరే, డ్రమ్ము బరువైనా సరే.

రెండు. పాలిథిన్, షాంపూ కవర్లు, మిక్చర్ పొట్లాలు కుప్పలో వెయ్యకండి. వాటిని మన పనివాళ్ళు తినలేరు.

మూడు. ఆదివారం కోడి ఎముకలు వద్దు. కుక్కలు, ఎలుకలు కుప్పను కెలికేస్తాయి.

నాలుగు. పొయ్యి బూడిద గుప్పెడు చల్లితే మంచిదే. తట్టలకొద్దీ పొయ్యకండి. అమ్మోనియా ఎగిరిపోయి బలం తగ్గుతుంది.

ఐదు. తిరగేసేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకోవాలి. బూజు సిద్ధబీజాలు దుమ్ములా లేస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పనికి రావద్దు, వాళ్ళకు వేరే పని ఇస్తాం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఎరువు మాగిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెడుతున్నాం. రెండు కొబ్బరి చిప్పల్లో ఒకదానిలో మట్టి, ఇంకోదానిలో సగం మట్టి సగం ఎరువు. రెండిటిలోనూ పదేసి మెంతి గింజలు. రెండూ సమానంగా మొలిస్తే ఎరువు మాగినట్టు. ఎరువు చిప్పలో మొలకలు తగ్గితే ఇంకా ఆగాలి. చిప్పలు గ్రంథాలయం కిటికీలో ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ కెలకొద్దు. పరీక్ష నెగ్గితే మొదటి తట్ట మన బొప్పాయి చెట్లకు, రెండో తట్ట కింది ఊరి ముసలమ్మ పెరట్లో ఆనప పాదుకు. వార్డెన్ సారు దానికి ఒప్పుకున్నారు.

ఇంకో మాట. మన ఊళ్ళలో కాఫీ పండ్లు పల్పింగ్ చేశాక తొక్కంతా గుట్టగా పోసి వదిలేస్తారు. అది కుళ్ళి ఆ నీరు కూడా గెడ్డల్లోకే పోతుంది. ఆ తొక్కలో కూడా ఎండు గడ్డి, పేడ కలిపి గాలి ఆడేలా కుప్ప వేస్తే మంచి గత్తమవుతుంది. వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళాక ఈ సంగతి మీ అమ్మానాన్నలకు చెప్పండి. వచ్చే పంటకు పనికొస్తుంది.

వచ్చే ఏడాది మేము పదో తరగతి. పరీక్షల చదువులో కుప్పకు రావడం కుదరకపోవచ్చు. ఎనిమిదో తరగతి వాళ్ళలో ఆరుగురు కావాలి. పేర్లు ఈ గోడ పత్రిక కింద ఉన్న కాగితం మీద రాయండి. గొయ్యిలో చూశాం కదా, ఒక బ్యాచ్ పని అయిపోయేసరికి ఇంకో బ్యాచ్ లేవాలి. లేవకపోతే కుప్ప చల్లారిపోతుంది.

— తొమ్మిదో తరగతి, ఎరువు కుప్ప బ్యాచ్